పేజీకి రెండు రోజులు, చదవడానికి అర నిమిషం

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య కాసేపు నిలబడి చూడండి. ఎవరో ఒకరు గుట్టలోంచి పాత కామిక్ ఒకటి లాగుతారు, బేరం మొదలుపెట్టకముందే రెండు పేజీలు తిప్పుతారు, ఇంకో నాలుగు తిప్పుతారు, నిలబడ్డచోటే 32 పేజీలూ అయిపోతాయి, పుస్తకం మళ్ళీ గుట్టలోకి వెళ్ళిపోతుంది. మొత్తం కలిపి పావుగంట పట్టి ఉంటుంది. ఆ 32 పేజీలు వేసినవాళ్ళకి, కథ రాసుకున్న రోజులు పక్కన పెట్టి ఒక్క బొమ్మల పనే లెక్కేసినా, రెండు నెలలు పట్టి ఉంటుంది. పెన్సిల్, ఇంకు, అక్షరాలు, రంగులు అన్నీ ఒక్క మనిషే చేసుకుంటే పేజీకి రెండు రోజులన్నది మామూలు లెక్క. సంతలో జనమో, గుర్రాల యుద్ధమో వచ్చిందంటే మూడో రోజు కూడా దానికే పోతుంది. చదివేవాళ్ళు ఆ పేజీ మీద ఉండేది మాత్రం అర నిమిషం.

కామిక్స్ ఆర్టిస్టుల గురించి మాట్లాడుకునేటప్పుడు "చెయ్యి మంచిది", "బొమ్మలు భలే వేస్తాడు" దగ్గరే ఆగిపోతుంటాం. చెయ్యి మంచిదవ్వాల్సిందే, అందులో వాదన లేదు. కానీ వాళ్ళ గీత అంత పొదుపుగా ఎందుకుంటుంది, పేజీకి ఐదో ఆరో ప్యానెళ్ళే (బొమ్మల గళ్ళే) ఎందుకు పెడతారు, పగలు ఇంకో ఉద్యోగం ఎందుకు చేస్తారు, ఒకే పాత్రని ఇరవై ముప్పై ఏళ్ళు ఎందుకు వదలరు అని అడిగితే, జవాబు ఎక్కువసార్లు ఆ రెండు రోజులకీ అర నిమిషానికీ మధ్య ఉన్న తేడాలోనే దొరుకుతుంది. చదివేవాళ్ళ టైమూ తన టైమూ, రెండిటి లెక్కా ఒకే కాగితం మీద చూసుకోవాల్సిన పని ఇది.

బయటివాళ్ళకి కనపడని కష్టమంతా థంబ్‌నెయిల్స్ దగ్గరే ఉంటుంది. అగ్గిపెట్టె సైజు గళ్ళలో పుల్లల మనుషుల్ని గీసుకుంటూ, పేజీలో ఏది ఎక్కడ రావాలో తేల్చుకునే దశ అది. ఒక సీన్ అనుకుందాం. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో తండ్రి కొడుకుని బెంగళూరు బస్సు ఎక్కిస్తున్నాడు, కిటికీలోంచి అబ్బాయి చేతిలో మడతపెట్టిన ఐదొందల నోటు పెడతాడు, బస్సు వెళ్ళిపోతుంది. కొత్తగా వేసేవాళ్ళు దీన్ని ఏడెనిమిది ప్యానెళ్ళు చేస్తారు: ఆటో దిగడం, బ్యాగు మోయడం, సీటు వెతకడం, కిటికీ తీయడం, నోటు, బస్సు స్టార్టవడం, చెయ్యి ఊపడం. అన్నీ జరిగినవే, అన్నీ నిజమే, అందుకే ఏదీ గుర్తుండదు. అదే సీన్ మూడు ప్యానెళ్ళలో వేయొచ్చు. మొదటిది వెడల్పుగా, ప్లాట్‌ఫాం, జనం, బస్సు పక్కన చిన్నగా ఆ ఇద్దరూ. రెండోది ఇరుకుగా, కిటికీ ఊచల మధ్య రెండు చేతులు, ఒక నోటు. మూడోది మళ్ళీ వెడల్పుగా, ఖాళీ ప్లాట్‌ఫాం, తండ్రి ఒక్కడే, చేతిలో అబ్బాయి మర్చిపోయిన నీళ్ళ బాటిల్. బస్సు కదిలిన క్షణం ఎక్కడా గీయలేదు, అయినా చదివినవాళ్ళందరూ దాన్ని చూశారు.

రెండు ప్యానెళ్ళ మధ్య ఉండే ఆ తెల్లటి సందుని గట్టర్ అంటారు. అక్కడ లేని బొమ్మని చదివేవాళ్ళు తమ బుర్రలో పూరించుకుంటారన్న సంగతిని అమెరికన్ కామిక్స్ ఆర్టిస్టు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఒక పుస్తకంలో, ఆ పుస్తకాన్ని కూడా కామిక్ రూపంలోనే వేసి, బాగా విడమరిచి చెప్పాడు. అప్పటినుంచీ కామిక్స్ నేర్చుకునేవాళ్ళు దీన్నే మొదటి పాఠంగా చదువుతున్నారు. పాఠం తెలియడం తేలికే. రెండు గంటలు పెట్టి అందంగా వేసిన బ్యాగు మోసే ప్యానెల్‌ని, కథకి పనికిరాదని తెలిశాక తీసి పారేయడానికి గట్టి మనసుండాలి. థంబ్‌నెయిల్స్ దశలోనే పారేస్తే పోయేది ఐదు నిమిషాలు కాబట్టి, అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కో పేజీని అక్కడే నాలుగైదు రకాలుగా వేసి చూసుకుంటారు.

ఈ టైము లెక్క మనకి కొత్తదేం కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు చూడండి. ముప్పై నలభై అడుగుల పొడుగు గుడ్డ, ఎర్రటి నేల రంగు, అడ్డంగా పూల పట్టీలతో విడగొట్టిన గళ్ళు, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళ లాంటి కథకులు ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, చూపిస్తూ, పాడుతూ రాత్రుళ్ళ తరబడి కథ నడిపేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లలో వేలితో పైకి జరుపుకుంటూ చదివే కొరియా వెబ్‌టూన్లు కూడా పైనుంచి కిందికి విప్పుకునే పటాలే. అయితే ఒక పెద్ద తేడా ఉంది. పటం దగ్గర కథకుడు ఉంటాడు. జనం కళ్ళు చెమర్చితే ఆగుతాడు, ఆవలిస్తే అందుకుంటాడు. కామిక్‌లో ఆ మనిషి లేడు, ఆయన చేసే పనంతా బొమ్మే చేయాలి. ఎక్కడ ఆగాలో పెద్ద ప్యానెల్ చెప్పాలి, ఎక్కడ పరిగెత్తాలో చిన్న చిన్న ప్యానెళ్ళు చెప్పాలి. వెబ్‌టూన్‌లో అయితే రెండు బొమ్మల మధ్య వదిలే ఖాళీయే నిశ్శబ్దం. ఆ ఖాళీని ఫోన్ స్క్రీన్ అంత పొడుగు పెంచితే చదివేవాళ్ళు తెలియకుండానే ఊపిరి బిగబడతారు.

గీతల పొదుపు దగ్గరకి వద్దాం. కథలో హీరోయిన్ ఉంటే ఆమెని రెండొందల సార్లు గీయాలి: పక్కనుంచి, వెనకనుంచి, నవ్వుతూ, వానలో తడుస్తూ, మూడో అంతస్తు నుంచి కిందికి చూస్తే చిన్నగా. ప్రతిసారీ ఆమే అని పోల్చుకోగలగాలి. చీర అంచు మీద అందమైన మామిడి పిందెల డిజైన్ పెట్టుకున్నవాళ్ళు ముప్పయ్యో ప్యానెల్ దగ్గర ఏడుస్తారు. అందుకే పాత్రని తయారు చేసుకునేటప్పుడే, నల్లగా నింపేసినా ఆకారం గుర్తుపట్టేలా ఉందా అని చూసుకుంటారు. జడ, నడుము వంపు, భుజాలు వాలిన తీరు, ఇలాంటివి రెండు మూడు చాలు. బాపు గీత చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది: ముక్కు ఒక గీత, వాలుజడ ఒక గీత, మనిషి మొత్తం దిగిపోతుంది. చందమామలో 1952లో చేరి దాదాపు ఆరు దశాబ్దాలు బొమ్మలు వేసిన శంకర్‌ది ఇంకో దారి. చెట్టు, కోట, ఆభరణం, అన్నీ నింపి వేసేవారు. కానీ అవి కథకి తోడుగా వేసిన బొమ్మలు, పేజీకి ఒకటో రెండో ఉంటాయి, చదివేవాళ్ళు అక్కడ ఆగి చూస్తారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ఇన్నేళ్ళ తర్వాత కూడా కళ్ళముందు ఉందంటే ఆగి చూశాం కాబట్టే. అంత నింపుడు ప్రతి ప్యానెల్‌లోనూ పెడితే కథ ఉక్కిరిబిక్కిరైపోతుంది. మన దగ్గర బాగా గీసే కుర్రాళ్ళలో చాలామంది ఈ రెండు రకాల పనుల తేడా తెలియక, మొదటి మూడు పేజీలు శంకర్ లాగా వేసి నాలుగో పేజీకి అలిసిపోయి వదిలేస్తున్నారు. ప్రతిభ లేక ఆగినవాళ్ళ కంటే ఇలా ఆగినవాళ్ళే ఎక్కువనిపిస్తుంది.

నింపాల్సిన చోట నింపాలి, అది కూడా నిజమే. సీన్ మొదలయ్యే ప్యానెల్ ఒక్కటి గట్టిగా వేస్తే తర్వాత ఐదు ప్యానెళ్ళలో వెనక ఏమీ గీయకపోయినా చెల్లుతుంది. హైదరాబాద్ కథ అనగానే చార్మినార్ వేసేయడం అలవాటైపోయింది. 1591 నాటి ఆ కట్టడం మీద గౌరవంతోనే చెప్పాలి, దాన్ని వేసినంత మాత్రాన కథ ఈ ఊళ్ళో జరిగినట్టు అనిపించదు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన నల్లరాతి గుండు, గేటుకి వైరుతో కట్టిన టు-లెట్ బోర్డు, కరెంటు స్తంభానికి జడలా వేలాడే కేబుళ్ళు, ఎండాకాలం సందులోకి రివర్సులో వస్తున్న నీళ్ళ ట్యాంకర్, వీటిలో ఏ రెండు వేసినా ఇక్కడివాళ్ళు తమ వీధే అనుకుంటారు. ఇవి ఫొటోలు చూసి వేసేవి కావు. జేబులో చిన్న స్కెచ్‌బుక్ పెట్టుకుని మెట్రోలో, ఇరానీ హోటల్లో కూర్చున్నంతసేపూ గీస్తూ ఉండేవాళ్ళకి చేతిలోకి వస్తాయి.

ఇక అక్షరాలు. తెలుగులో కామిక్స్ వేసేవాళ్ళకి ఇంగ్లీషు వాళ్ళకి లేని తలనొప్పి ఇది, దీని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు. ఇంగ్లీషు కామిక్స్‌లో మామూలుగా అన్నీ పెద్దక్షరాలే వాడతారు, అన్నిటిదీ ఒకే ఎత్తు, వరసలు దగ్గర దగ్గరగా సర్దేయొచ్చు. మనకి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులుంటాయి. 'రాష్ట్రం' అన్న మాట ఒక్కటి చాలు, కింద వత్తుల మీద వత్తులు వేలాడతాయి. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిలో గుచ్చుకోకుండా ఉండాలంటే వరసల మధ్య చోటు పెంచాలి, చోటు పెంచితే మాటలు పెట్టే బెలూన్ పెరుగుతుంది, బెలూన్ పెరిగితే బొమ్మకి చోటు తగ్గుతుంది. దీనికి తోడు మన మాటలు పొడుగు. 'వెళ్ళిపోవాల్సివచ్చింది' అనేది ఒకే మాట, గుండ్రటి బెలూన్‌లో ఎక్కడ పెట్టినా అటో ఇటో పొడుచుకొస్తుంది, మధ్యలో విరిస్తే చదువు తడబడుతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దింపిన కామిక్స్ చాలావాటిలో అక్షరాలు చీమల్లా కనపడటానికి కారణం ఇదే: బెలూన్ సైజు అక్కడివాళ్ళది, మాట మనది.

దీనికి మందు బొమ్మ వేసేటప్పుడే వేసుకోవాలి. తెలుగులో ఆలోచించి వేసేవాళ్ళు ముందు మాటలు రాసుకుని, వాటికి చోటు వదిలి, ఆ తర్వాతే మనుషుల్ని నిలబెడతారు. గుండ్రటి బెలూన్ బదులు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండేది వాడతారు. మాటలు కూడా తగ్గిస్తారు, అది కథకే మేలు. కంప్యూటర్లో ఇంకో చిక్కుంది: ఫొటోషాప్ పాత వెర్షన్ల లాంటి వాటిలో టైప్ సెట్టింగుల్లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక రోజులు పోగొట్టుకుని, చివరికి డైలాగులు ఇంగ్లీషు లిపిలో పెట్టేసిన కామిక్స్ కూడా కనపడుతుంటాయి. వీలైతే చేత్తో రాయడమే మంచిది. బాపు చేతిరాత ఫాంట్‌గా మారి పెళ్ళి పత్రికల దాకా పాకిందంటే, ఆయన అక్షరాన్ని కూడా బొమ్మలాగే చూశారు కాబట్టి. పైగా మనకి పెద్దక్షరాలు లేవు, అరుపుని లావుతోనూ గుసగుసని సన్నదనంతోనూ చూపించాలి, ఆ పని ఫాంట్ కంటే చెయ్యే బాగా చేస్తుంది.

లోటు ఎంత ఉందో కలిమి కూడా అంతే ఉంది. చప్పుళ్ళకి మన భాషలో ఉన్నన్ని మాటలు చూస్తే, ఇంకా రోమన్ లిపిలో బూమ్‌లూ బ్యాంగ్‌లూ పెట్టడం బాధనిపిస్తుంది. ధడేల్, ఫెళఫెళ, చిటపట, జలజల, కిర్రు. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది: మన ధ్వనుల్లోనే టైము ఉంది. 'టప్' అంటే ఒక్కసారి, 'టపటప' అంటే ఆగకుండా. 'గల్లు'మంటే గజ్జె ఒక్క అడుగు, 'గలగల' అంటే నడుస్తూ వస్తోంది. ఒక ప్యానెల్‌లో అడ్డంగా 'టపటప' అని రాస్తే అది క్షణం బొమ్మగా ఉండదు, రెండు మూడు నిమిషాల వాన అయిపోతుంది. జపాన్ వాళ్ళు తమ కామిక్స్ అయిన మాంగాలో తమ ధ్వనుల్ని ఇలా దంచి వాడుకుంటారు, మనకి అంత సరుకుండీ వాడుకోవడం తక్కువ.

మాట యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణ మాట బెలూన్‌లో హాయిగా ఇముడుతుంది. "యాడికి పోతున్నవ్ బిడ్డా" అన్నది మాటల సైజులోనూ చిన్నది, మనిషిని కూడా వెంటనే నిలబెట్టేస్తుంది, వయసు, ఊరు, ప్రేమ మూడూ అందులోనే ఉన్నాయి. పాతబస్తీ సీన్‌లో దక్కనీ ఉర్దూ మాటని తెలుగు లిపిలోనే రాసి, కింద అర్థాలు పెట్టకుండా, బొమ్మతోనే అర్థమయ్యేలా చేయొచ్చు. నాంపల్లిలో కూర్చుని పుస్తకాల తెలుగులో మాట్లాడే ఆటోడ్రైవర్ ఎవరినీ నమ్మించలేడు.

ఇప్పుడు ఆర్టిస్టు సొంత టైము సంగతి. హైదరాబాద్‌లో బొమ్మ వచ్చినవాళ్ళకి పని దొరకదని అనలేం. యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్, గేమింగ్ స్టూడియోలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి, ఛోటా భీమ్‌ని తయారు చేసిన గ్రీన్ గోల్డ్ ఇక్కడిదే. మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట్ల ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్ళు స్టోరీబోర్డులు (షాట్లు ఎలా రావాలో ముందే వరసగా వేసి చూసుకునే బొమ్మలు), క్యారెక్టర్ డిజైన్, సినిమా పోస్టర్లు, పుస్తకాల ముఖచిత్రాలు చేసుకుంటూ బతుకుతారు. కామిక్ రాత్రి పని. దీనివల్ల చెయ్యి ఆడుతూ ఉంటుంది, జీతం వస్తుంది, నిజమే, కానీ స్టోరీబోర్డు అలవాటు కామిక్‌లోకి వచ్చి కూర్చుంటుంది. స్టోరీబోర్డులో అన్ని ఫ్రేములూ ఒకే సైజు, ఎంతసేపు కనపడాలో ఎడిటర్ చూసుకుంటాడు. కామిక్‌లో ఆ ఎడిటర్ కూడా తనే, సైజుతోనే సేపు చెప్పాలి. పగలంతా ఒకే సైజు డబ్బాలు నింపినవాళ్ళు రాత్రి కూడా అవే డబ్బాలు గీస్తే, కథ బాగున్నా పేజీ చప్పగా ఉంటుంది.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. 1938లో సూపర్‌మ్యాన్ మొదటి కథతో పాటు హక్కులన్నీ ఇద్దరు కుర్రాళ్ళు, సీగెల్, షుస్టర్, 130 డాలర్లకి రాసిచ్చేశారు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వాటికోసం కొట్లాడారు. మన 1957 కాపీరైట్ చట్టం చూస్తే, ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. బయట ఉండి వేసేవాళ్ళు హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే అది రాతపూర్వకంగానే జరగాలి. ఆ కాగితంలో ఎంతకాలానికి ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే ఇచ్చినట్టు లెక్క. ఇది తెలియక "సర్ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టా" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రెండు రోజుల పేజీ అమ్మేటప్పుడు రెండు పేజీల కాగితం చదవడానికి గంట పెట్టలేమా? చదవాలి, అర్థం కాకపోతే తెలిసినవాళ్ళకి చూపించాలి.

అంత టైము ఎక్కడినుంచి తేవాలి అనేదానికి పెద్దవాళ్ళు రకరకాల జవాబులు చెప్పి వెళ్ళారు. జపాన్‌లో ఒసాము తెజుకా అసిస్టెంట్లని పెట్టుకుని జీవితకాలంలో లక్షన్నర పేజీల దాకా తయారు చేశాడు. చార్లెస్ షుల్జ్ దానికి పూర్తిగా ఎదురు, పీనట్స్ అనే దినపత్రికల బొమ్మల స్ట్రిప్‌లు 17,897 వేశాడు, 1950 నుంచి 2000 దాకా, గీత ఒక్కటి కూడా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. బిల్ వాటర్సన్ 'కాల్విన్ అండ్ హాబ్స్' స్ట్రిప్‌ని పదేళ్ళు వేసి 1995 చివర్లో ఆపేశాడు, బొమ్మల్ని కప్పుల మీదా టీషర్టుల మీదా అమ్మడానికి ఒప్పుకోకపోవడం వల్ల ఎంత డబ్బు వదులుకున్నాడో ఊహించుకోవచ్చు. ఆర్ట్ స్పీగల్‌మన్ తన తండ్రి కథ చెప్పడానికి 'మౌస్' అనే ఒక్క పుస్తకం మీదే పదమూడేళ్ళు కూర్చున్నాడు. మన దగ్గర దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి 'డుంబు' అనే బుడతడిని పట్టుకుని ఏళ్ళ తరబడి నడిపించారు, 1960లలో ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ చదివే ఇంగ్లీషు పాఠకులకి పంచతంత్రాన్ని బొమ్మల కథలుగా ఇచ్చారు. ఒకే పాత్రని అన్నేళ్ళు పట్టుకోవడానికి ప్రేమ ఒక కారణమైతే, చెయ్యి ఇంకో కారణం. వెయ్యిసార్లు గీసిన మొహాన్ని చెయ్యి ఆలోచించకుండా గీస్తుంది, అలా మిగిలిన టైము కథకి వెళుతుంది.

కూకట్‌పల్లిలోనో మెహదీపట్నంలోనో అద్దె గదిలో ఉంటూ పగలు స్టూడియోకి వెళ్ళే ఆర్టిస్టుకి ఈ దారుల్లో ఏదీ అచ్చంగా సరిపోదు. అసిస్టెంట్లు ఉండరు, పదమూడేళ్ళు పోషించేవాళ్ళు ఉండరు. వారానికి దొరికేది శనివారం సాయంత్రమూ ఆదివారమూ, మధ్యలో రెండు మూడు రాత్రులు, అది కూడా మణికట్టు నొప్పి పెట్టకపోతే. అంటే వారానికి ఒక పేజీ. 48 పేజీల కథ అనుకుంటే దాదాపు ఒక ఏడాది, పండగలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు కలిపితే పద్నాలుగు నెలలు. అందుకని ఇప్పుడు చాలామంది ఎనిమిది పేజీల కథలతో మొదలుపెడుతున్నారు. రెండు నెలల్లో ఒకటి పూర్తవుతుంది, జిరాక్స్ షాపులో అచ్చేసి మధ్యలో పిన్ను కొట్టించి, 2013 నుంచి ఇక్కడ జరుగుతున్న కామిక్ కాన్‌లో బల్ల మీద పెట్టొచ్చు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏ పేజీ దగ్గర ఆగాడో, ఏ పేజీ చూడకుండా తిప్పేశాడో అక్కడికక్కడే కనపడుతుంది. ఆ పేజీ నంబరు రాసుకుని, తర్వాతి ఎనిమిది పేజీల థంబ్‌నెయిల్స్ మొదలుపెట్టేటప్పుడు పక్కన పెట్టుకుంటారు.